‘వయసైపోయింది’ అనే ముందు

(సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)



ముందు వరసలో కూర్చున్న తాతలు, అవ్వలు నన్ను క్షమించాలి. ఈరోజు మీ గురించే మాట్లాడతాను. కానీ సగం మాటలు మీ వెనక వరసల్లో కూర్చున్న మీ కొడుకులకు, కోడళ్ళకు, బిడ్డలకు చెప్పాల్సినవి.

నేను డాక్టరును కాను. షోలాపూర్ పూర్వభాగ్‌లో పుట్టి పెరిగినదాన్ని. మా బాపు పవర్‌లూమ్ మీద చద్దర్లు, టవల్లు నేసేవాడు. మా అమ్మ ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టేది. ఆ బీడీల డబ్బులతోనే నేను నర్సింగ్ చదివాను. 34 ఏళ్ళు ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు నాకు 67. కాబట్టి నేను చెప్పేదంతా నాకూ వర్తిస్తుంది.

పద్మశాలీల ఇళ్ళలో మార్కండేయుణ్ణి కొలుస్తాం, దేవాంగుల ఇళ్ళలో చౌడేశ్వరమ్మను కొలుస్తారు. మార్కండేయుడి కథ మీకు కొత్త కాదు. పదహారేళ్ళకే ఆయుష్షు తీరిపోతుందని తెలిసినా ఆ పిల్లవాడు లింగాన్ని వాటేసుకుని వదల్లేదు. ఏటా నారళీ పౌర్ణమికి ఆయన రథం వెంట నడిచే మనం మాత్రం అరవై దాటగానే ‘ఇంకెన్నాళ్ళులే’ అని చేతులు వదిలేస్తాం. చెవి వినపడకపోతే వయసు. కన్ను కనపడకపోతే వయసు. దగ్గొస్తే వయసు, మోకాలు నొస్తే వయసు. మనం నేసే చద్దర్ లాగే ఆ మాట కూడా దేన్నైనా కప్పేస్తుంది. కింద ఏముందో ఎవరూ ఎత్తి చూడరు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మనం వయసు మీద వేసే నేరాల్లో చాలావరకు మగ్గం చేసినవి, దుమ్ము చేసినవి, మన నిర్లక్ష్యం చేసినవి. వాటిలో కొన్నింటిని పూర్తిగా, కొన్నింటిని కొంతవరకు సరిచేసుకోవచ్చు. ఈ సంగతి నాకు పుస్తకాల్లో చదివినప్పుడు తలకెక్కలేదు. మా బాపు దగ్గర తెలిసింది, అది కూడా ఆలస్యంగా.

మా బాపు 13వ ఏట కండెలు అందించే పిల్లవాడిగా షెడ్డులో అడుగుపెట్టాడు. 62వ ఏట బయటికొచ్చాడు. పవర్‌లూమ్ షెడ్డు ఎట్లుంటదో మీకు చెప్పక్కర్లేదు. పక్కవాడి చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తే తప్ప వినపడదు. లేదంటే చేతి సైగలే. మన దేశంలో ఫ్యాక్టరీ చట్టం కింది నిబంధనల ప్రకారం రోజుకు 8 గంటలు పనిచేసే చోట చప్పుడు 90 డెసిబెల్స్ దాటకూడదని ఉండేది. మన షెడ్లలో ఆ గీత ఎన్నడో దాటిపోయింది. చెవిలో దూది పెట్టుకున్నవాడు కూడా మాకు తెలిసి ఒక్కడు లేడు.

పని మానేసిన కొన్నాళ్ళకు బాపు వేరేగా మారిపోయాడు. ఒకటి అడిగితే ఇంకోటి చెప్పేవాడు. మా అన్న బిడ్డ పెళ్ళిచూపులప్పుడు పిల్లవాడి తాత మర్యాదగా అడిగాడు, ‘మీ సొంతూరు ఏదండీ?’ అని. బాపు నవ్వుతూ చెప్పాడు, ‘ఆ, తిన్న, కడుపునిండ తిన్న’ అని. అందరూ నవ్వారు. మా అన్నకు తలకొట్టేసినట్టయింది. ‘ఏమనుకోకండి, ఆయనకు మతి సరిగ్గా లేదు’ అన్నాడు. ఆ మాట బాపుకు వినపడలేదు. కానీ నవ్వే మొహాలు కనపడ్డాయి.

అప్పటి నుంచి మనుషులొస్తే బాపు లోపలికి వెళ్ళిపోయేవాడు. మేము కూడా ఆయన్ని ఏదీ అడగడం మానేశాం. ఇంటి సంగతులు, డబ్బు సంగతులు ఆయన పక్కనుండగానే మాట్లాడుకునేవాళ్ళం, ఆయనకు చెప్పేవాళ్ళం కాదు. రెండేళ్ళు ఆయన గోడవైపు మొహం పెట్టి మంచంలో పడుకున్నాడు. నేను నర్సును. వార్డులో ఎంతమంది ముసలివాళ్ళకు సేవ చేశానో లెక్కలేదు. ఇంటికొచ్చి మా అమ్మతో ఏమన్నానంటే, ‘వయసమ్మా, అంతే, ఏం చేస్తాం’ అని.

ఒకరోజు చెవిలో దురదగా ఉందంటే గులిమి తీయించడానికి తీసుకెళ్ళాను. గులిమి తీసిన తర్వాత అక్కడున్న అబ్బాయి, చెవి పరీక్ష చేసేవాడు, నన్ను మొదట అడిగిన ప్రశ్న: ‘ఈయన ఏ పని చేసేవారు?’ అని. పవర్‌లూమ్ అని చెప్పగానే ‘కూర్చోబెట్టండి’ అన్నాడు. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి అరగంట పరీక్ష చేశాడు. కాగితం మీద గీత చూపించాడు. మొదట్లో గీత పైనే ఉంది, సన్నటి శబ్దాల దగ్గరికి వచ్చేసరికి బావిలో పడ్డట్టు కిందికి జారిపోయింది.

ఆ అబ్బాయి చెప్పింది మీకూ చెప్తాను, జాగ్రత్తగా వినండి. చెవి లోపల సన్నటి రోమాల లాంటివి ఉన్న కణాలుంటాయి. ఏళ్ళ తరబడి పెద్ద చప్పుడు తగిలితే అవి చచ్చిపోతాయి. మళ్ళీ మొలవవు. ముందుగా పోయేది సన్నటి శబ్దాలు. మాటల్లో స, శ, ట, క, ఫ లాంటి అక్షరాలు ఆ సన్నటి శబ్దాలతోనే తెలుస్తాయి. అవి పోతే కాలు, పాలు, సాలు అన్నీ ఒకేలా వినపడతాయి. గొంతు వినపడుతుంది, మాట అర్థం కాదు. కొడుకు బొంగురు గొంతు కొంచెం తెలుస్తుంది, మనవరాలి సన్నటి గొంతు అస్సలు తెలియదు. నలుగురు ఒకేసారి మాట్లాడినా, టీవీ మోగుతున్నా అంతా గందరగోళం. ఇంట్లోవాళ్ళు ఏమంటారు? ‘కావాలనుకున్నప్పుడు వినపడుతుంది, లేనప్పుడు వినపడదు’ అంటారు. మేమూ అదే అన్నాం.

బాపుకు మిషన్ పెట్టించాం. మొదటి రెండు వారాలు తీసి పడేసేవాడు. గిన్నెల చప్పుడు కూడా మోతలా ఉందనేవాడు. అది మామూలే, మెదడు అలవాటు పడాలి. రోజూ కొంచెం కొంచెం పెంచుతూ పోయాం. ఒక సాయంత్రం నేను పక్కన కూర్చుని మామూలు గొంతుతో ‘బాపూ, చాయ్ తాగుతవా?’ అని అడిగాను. ఆయన నా వైపు తిరిగాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నాడు:

‘రెండేండ్ల సంది మీరంత నాతోని మాట్లాడుడు బంద్ చేసిన్రనుకున్న బిడ్డా. నేనేం తప్పు చేసిన్నో ఎవ్వరు చెప్తలేరనుకున్న.’

ఆ తర్వాత బాపు మూడేళ్ళు బతికాడు. మునిమనవడికి తెలుగు లెక్కలు నేర్పాడు. షెడ్డు కబుర్లు చెప్పాడు. ఆ మూడేళ్ళు మాకు మిగిలాయి. అంతకుముందు పోయిన రెండేళ్ళు మాత్రం నేను ఎవరికీ తిరిగి ఇవ్వలేను.

అందుకే చెప్తున్నాను. వినికిడి తగ్గడం చిన్న విషయం కాదు. మతిమరుపు జబ్బు గురించి ప్రపంచవ్యాప్తంగా ఉన్న అధ్యయనాలను పరిశీలించే లాన్సెట్ కమిషన్ 2024 నివేదికలో, మనం మార్చుకోగలిగిన కారణాలు 14 అని లెక్క వేశారు. వాటిలో వినికిడి లోపం ఒకటి. బీపీ, షుగర్, పొగ, ఒంటరితనం, సరిచేయించుకోని చూపు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. చూశారా, అన్నీ మన ఇళ్ళలో ఉన్నవే.

మన ఇళ్ళలో ఇంకో చిక్కు కూడా ఉంది. తాతకు తెలుగే వస్తుంది. మనవడు బయట మరాఠీ మాట్లాడతాడు, బడిలో ఇంగ్లీషు. సేలంలో తమిళం, దొడ్డబళ్ళాపూర్‌లో కన్నడం, బరంపురంలో ఒరియా. అసలే చెవి సరిగ్గా పనిచేయనివాడికి, పిల్లలు తెలిసీ తెలియని భాషలో గబగబా మాట్లాడితే ఇంకేం పట్టుబడుతుంది? ముసలివాళ్ళతో తెలుగులో మాట్లాడమని పిల్లలకు చెప్పండి. భాష నిలబడుతుంది, మనిషీ నిలబడతాడు.

చెవి బరువైన వాళ్ళతో మాట్లాడేటప్పుడు అరవకండి. అరిస్తే మాట ఇంకా చెదిరిపోతుంది, పైగా తిట్టినట్టుంటుంది. ఎదురుగా కూర్చోండి. మీ మొహం మీద వెలుగు పడాలి. టీవీ ఆపండి. ఒక్కరే మాట్లాడండి, నిదానంగా. అర్థం కాకపోతే అదే మాట మళ్ళీ మళ్ళీ అనకుండా వేరే మాటల్లో చెప్పండి. చెవిలో పిన్నులు, పుల్లలు పెట్టొద్దు. ఒక చెవి ఉన్నట్టుండి ఒక్కరోజులో వినపడకుండా పోతే మాత్రం ఆగొద్దు, అదే రోజు చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

ఇంకా షెడ్డులోనే పనిచేస్తున్న తమ్ముళ్ళకు ఒక మాట. చెవిలో పెట్టుకునే ప్లగ్గులు ఒక కప్పు చాయ్ కంటే పెద్ద ఖరీదేం కాదు. పోయిన వినికిడి తిరిగి రాదు. ఉన్నది కాపాడుకోవడం మీ చేతిలో ఉంది.

ఇక కళ్ళు. నలభై దాటాక దగ్గరి చూపు మసకబారడం వయసే. అది అద్దాలతో పోతుంది. తెగిన పోగు ముడివేయడానికి కష్టపడుతూ, అద్దం పెట్టుకుంటే పనిలోంచి తీసేస్తారేమోనని దాచిన అన్నలు నాకు తెలుసు. అరవై దాటాక వచ్చే శుక్లం, మనం ఇక్కడ మోతిబిందు అంటాం, ఆపరేషన్‌తో పోతుంది. ‘ముత్యం ఇంకా పండలేదు, పండాక చేయిద్దాం’ అనేది పాతకాలం మాట. ఇప్పుడు పండేదాకా ఆగక్కర్లేదు. రోజువారీ పనికి అడ్డం వస్తుంటే చేయించుకోవచ్చు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా లెన్స్ వేస్తారు. షుగర్ ఉన్నవాళ్ళు మాత్రం కన్ను బాగానే ఉందనిపించినా ఏడాదికోసారి కంటి లోపలి పొర చూపించుకోవాలి. అక్కడ వచ్చే నష్టం మనకు తెలిసేసరికి ఆలస్యమైపోతుంది.

ఛాతీ సంగతి. నూలు దుమ్ములో ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళకు ఒక ప్రత్యేకమైన జబ్బు వస్తుంది. సెలవు తర్వాత మొదటి రోజు పనిలోకి వెళ్ళగానే ఛాతీ బిగేసినట్టుంటుంది, వారం గడిచేకొద్దీ తగ్గుతుంది. అందుకే ఇంగ్లీషువాళ్ళు దాన్ని సోమవారం జ్వరం అన్నారు. అప్పుడే పట్టించుకుంటే సరే, లేదంటే దమ్ము శాశ్వతంగా ఉండిపోతుంది. డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ‘నేను ఇన్నేళ్ళు నూలు దుమ్ములో పనిచేశాను’ అని మీ అంతట మీరే చెప్పండి. వాళ్ళు అడగకపోవచ్చు.

మా అమ్మ సంగతి కూడా అంతే. ఆమె జీవితంలో ఒక్క బీడీ కాల్చలేదు. కానీ ముప్ఫై ఏళ్ళు ఒళ్ళో చాట పెట్టుకుని తంబాకు పొడి పీల్చింది. చివరికాలంలో దగ్గుతూనే ఉండేది. మన అక్కలు, వదినలు చాలామంది ఆ పనిలో ఉన్నారు. వీలైనంతవరకు గాలి ఆడేచోట కూర్చోండి, ముక్కుకు బట్ట కట్టుకోండి, పని అయ్యాక చేతులు కడుక్కుని మనవళ్ళను ఎత్తుకోండి. రెండు వారాలు దాటి దగ్గు ఉంటే కళ్ళె పరీక్ష చేయించండి. టీబీ అయితే పరీక్ష, మందులు రెండూ ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. దాచుకోవాల్సిన జబ్బు కాదు అది.

మోకాళ్ళు, నడుము. మన పెద్దలకు ఇవి రావడంలో ఆశ్చర్యం లేదు. గుంట మగ్గం మీద వంగి కూర్చున్న నడుము, సాంచాల మధ్య పదేసి గంటలు నిలబడ్డ కాళ్ళు. కానీ పని మానేశాక మనం చేసే పెద్ద తప్పు ఏంటంటే, నొస్తోందని మొత్తం కూర్చుండిపోవడం. వాడని మగ్గానికి తుప్పు పడుతుంది. కండ బలంగా ఉంటే కీలు మీద బరువు తగ్గుతుంది. మోకాళ్ళ అరుగుదలకు మొదటి మందు వ్యాయామమే, తర్వాతే మాత్ర.

ఏం చేయాలి? చేతుల్లేని గట్టి కుర్చీలో కూర్చోండి. చేతులు ఆనించకుండా లేవండి, మళ్ళీ నిదానంగా కూర్చోండి. మొదట అయిదుసార్లు, తర్వాత పదిసార్లు, పొద్దున సాయంత్రం. లేవలేకపోతే చేతుల సాయం తీసుకోండి, పర్వాలేదు. గోడ పట్టుకుని ఒంటికాలి మీద పది లెక్కపెట్టేదాకా నిలబడండి. వారానికి కనీసం 150 నిమిషాలు నడక లాంటి కదలిక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. అంటే అయిదు రోజులు, అరగంట చొప్పున. ఒకేసారి కుదరకపోతే మూడు ముక్కలు చేసుకోండి. నడిచేటప్పుడు ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం ఉంటే ఆగి డాక్టరుకు చూపించుకోండి.

మెడికల్ షాపులో అడిగి నొప్పి మాత్రలు కొనుక్కుని రోజూ మింగే అలవాటు మనవాళ్ళలో చాలా ఉంది. షెడ్డులో పని గడవడానికి వేసుకున్నారు, తర్వాత మానలేకపోయారు. అవి కిడ్నీలను, కడుపును పాడుచేస్తాయి. బీపీ, షుగర్ ఉన్నవాళ్ళకు మరీ ప్రమాదం.

పడిపోవడం గురించి ఒక్క మాట. ముసలితనంలో తుంటి ఎముక విరిగితే చాలామంది మళ్ళీ మునుపటిలా నడవలేరు. పడేది ఎక్కడో కొండల మీద కాదు, బాత్రూంలో. తడి బండ, చీకటి, పట్టుకోవడానికి ఏమీ లేకపోవడం. ఒక ఇనుప కడ్డీ గోడకు బిగించడానికి, రాత్రిపూట ఒక చిన్న బల్బు వెలిగించడానికి ఎంతవుతుంది? రాత్రి లేచినప్పుడు వెంటనే నిలబడొద్దు, మంచం అంచున ఒక నిమిషం కూర్చుని లేవండి.

బీపీ, షుగర్. ఇవి నొప్పి పెట్టవు, అదే వాటితో చిక్కు. ఒంట్లో బాగానే ఉందని మాత్రలు ఆపేస్తారు. బాగున్నది మాత్రల వల్లేనని గుర్తురాదు. పరగడుపున షుగర్ 126, అంతకు మించి రెండుసార్లు వస్తే అది షుగర్ జబ్బే. బీపీ 140కి 90 దాటి మళ్ళీ మళ్ళీ వస్తుంటే డాక్టరుతో మాట్లాడాలి. మొత్తం మీద మనిషికి రోజుకు ఉప్పు 5 గ్రాములకు మించకూడదు, అంటే ఒక చిన్న చెంచా. మన ఊరి శేంగా చట్నీ, మామిడికాయ తొక్కు, పాపడ్ నాకూ ఇష్టమే. మానేయమనను. కంచంలో అది నలుసు కావాలి, కూర కాకూడదు.

తిండిలో నేను చూసే అసలు సమస్య వేరు. పళ్ళు ఊడిపోయి, చాయ్‌లో ఖారీ ముంచుకుని పూట గడిపేస్తున్నారు. దాంతో కండ కరిగిపోతుంది. మెత్తగా ఉడికిన పప్పు, గుడ్డు, పెరుగు, పాలలో నానబెట్టిన జొన్న రొట్టె, ఏది కుదిరితే అది పూటపూటా ఉండాలి. కోడళ్ళు వండి పెడుతున్నారు కాదనను, కానీ నమలగలుగుతున్నారా లేదా అని ఒకసారి చూడండి.

ఇదంతా డబ్బుతో కూడిన పని కదా అంటారు. ఉన్న సాయం చెప్తాను. 2024 అక్టోబరు నుంచి 70 ఏళ్ళు నిండిన వారందరికీ, ఆదాయంతో సంబంధం లేకుండా, ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి కుటుంబానికి 5 లక్షల వరకు ఆసుపత్రి చికిత్స ఉంది. ఆధార్‌తో వయోవందన కార్డు తీసుకోవాలి. మీ ఊళ్ళో ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో చేరకముందే అడిగి తెలుసుకోండి. రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద పేద వృద్ధులకు చెవి మిషన్లు, కళ్ళద్దాలు, కట్టుడు పళ్ళు, చేతికర్రలు శిబిరాల్లో ఉచితంగా ఇస్తారు. ఏ సాయం కావాలన్నా 14567కు ఫోన్ చేయవచ్చు, అది వృద్ధుల కోసం పెట్టిన జాతీయ నంబరు.

మన సమాఖ్యకు నా విన్నపం ఇది. ప్రతి ఊరి సంఘం ఏడాదికి ఒక ఆదివారం కేటాయించండి. దండలు, శాలువాలు కాస్త తగ్గించి ఆ డబ్బుతో చెవి, కన్ను, బీపీ, షుగర్ పరీక్ష పెట్టించండి. కార్డులు లేనివాళ్ళకు మన యువకులు దగ్గరుండి నమోదు చేయించాలి. పెద్దలకు శాలువా కప్పడం గౌరవమే. వాళ్ళకు మాట వినపడేటట్టు చేయడం అంతకంటే పెద్ద గౌరవం.

మగ్గం మీద పోగు తెగితే మనం ఏం చేస్తాం? ‘బట్ట పాతదైపోయింది’ అని వదిలేస్తామా? ఆపి, వెతికి, ముడివేస్తాం. మనుషుల విషయంలో కూడా అంతే చేయమంటున్నాను.

ఈ రాత్రి ఇంటికి వెళ్ళాక ఒక పని చేయండి. టీవీ ఆపి, మీ బాపు ముందో అమ్మ ముందో కూర్చుని, మామూలు గొంతుతో ఒక్క ప్రశ్న అడగండి. జవాబు సరిగ్గా వస్తే ఇంకో నాలుగు మాటలు మాట్లాడండి. రాకపోతే నవ్వకండి, విసుక్కోకండి. రేపు పొద్దున చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

నేను రెండేళ్ళు ఆలస్యం చేశాను. మీరు చేయొద్దు.